అతడన్న ‘నేను’ ఎవరు?

పిల్లలూ, ఒక చిన్న వాక్యంతో మొదలుపెడదాం. బడి నుంచి ఇంటికి వచ్చి మీ అమ్మతో ఇలా అన్నారనుకోండి: “అమ్మా, రవి నేను రేపు వస్తానని చెప్పాడు.” మీ అమ్మ ఏమీ తికమక పడదు. రేపు వచ్చేది రవి అని ఆమెకు వెంటనే తెలిసిపోతుంది. మాట్లాడుతున్నది మీరు. వాక్యంలో ‘నేను’ అని ఉంది. అయినా ఆ ‘నేను’ మీరు కాదు!

ఇదే వాక్యాన్ని మాటకు మాట ఇంగ్లీషులోకి మార్చి చూడండి. “రవి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో.” తెలుగు తెలియని మనిషి ఇది వింటే ఏమనుకుంటాడు? రేపు వచ్చేది మీరేననీ, మీరు వస్తారని రవి చెప్పాడనీ అనుకుంటాడు. అంటే ఒక్క మాటతో రవి చేయాల్సిన ప్రయాణాన్ని మీ నెత్తిన వేసుకున్నారన్నమాట.

సైన్సు మాస్టారు ఇంగ్లీషు వ్యాకరణం జోలికి ఎందుకు వచ్చాడా అని మీకు అనుమానం రావచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి మీ ప్రయోగాల నోటుపుస్తకాలు. రెండోది ఒక కర్మాగారంలో జరిగిన సంగతి. రెండూ చెబుతాను. ముందుగా ఒక మనవి. ఇంగ్లీషు వాక్యాలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. పక్కన కాగితం, కలం పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ చదవండి. స్పెల్లింగులకూ సాధన అవుతుంది.

ఇక అసలు విషయం. మన తెలుగులో ‘అని’ అనే చిన్న మాట ఉంది. రెండే అక్షరాలు. కాని ఎదుటివాడి నోటిమాటను ఉన్నదున్నట్లు మోసుకొచ్చే పని అది చేస్తుంది. “ఆకలిగా ఉందని అన్నాడు”, “ఎక్కడికి వెళ్తున్నావని అడిగింది”, “పుస్తకం తీసుకురమ్మని చెప్పారు” – ‘అని’కి ముందున్న భాగమంతా చెప్పినవాడి మాటే. చెప్పేటప్పుడు మనం కాసేపు అతని వేషం వేస్తాం.

మీ తెలుగు వాచకంలో ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అనే పాఠం చదివే ఉంటారు. “నేను రేపు వస్తాను” అని రవి చెప్పాడు – ఇది ప్రత్యక్ష కథనం. తను రేపు వస్తానని రవి చెప్పాడు – ఇది పరోక్ష కథనం. ఈ రెండో వాక్యాన్ని మరోసారి చదవండి. ఇందులో ఒక తమాషా ఉంది. ‘తను’ అన్నప్పుడు క్రియ ‘వస్తాడు’ అని కదా ఉండాలి? ‘తను వస్తాడు’ అంటాం కాని ‘తను వస్తాను’ అనం. మరి ఇక్కడ మాత్రం ‘తను వస్తానని’ అంటున్నాం! నేను అనే సర్వనామం తను అయింది కాని, క్రియ మాత్రం ఇంకా రవి నోటితోనే మాట్లాడుతోంది. పరోక్ష కథనంలోకి వచ్చాక కూడా తెలుగు చెప్పినవాణ్ణి పూర్తిగా వదిలిపెట్టలేదు. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాష కాబట్టి మనం దీన్ని గమనించం. నేను కూడా నలభై ఏళ్లు దాటేదాకా గమనించలేదు.

ఇంగ్లీషు ఈ పని చేయదు. ఎందుకో మా సైన్సు పద్ధతిలో చెబుతాను.

మీరు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారు. బయట తాటిచెట్లు వెనక్కి పరుగెడుతున్నట్లు కనిపిస్తాయి. పక్క చేలో నిలబడిన రైతుకు మాత్రం చెట్లు ఉన్నచోటే ఉన్నాయి, రైలే పోతోంది. జరుగుతున్నది ఒక్కటే. చూసేవాడు నిలబడిన చోటును బట్టి వర్ణన మారింది. క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన ‘ఆర్యభటీయం’లో పడవ పోలికతో ఈ మాటే చెప్పాడు. ముందుకు పోయే పడవలోని మనిషికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్లు తోస్తాయి. అదే విధంగా, తిరుగుతున్న భూమి మీద ఉన్న మనకు నక్షత్రాలు పడమటికి పోతున్నట్లు తోస్తాయని ఆయన వివరించాడు.

తెలుగులోని ‘అని’ మనల్ని చెప్పినవాడి పడవలోకి ఎక్కిస్తుంది. ఇంగ్లీషులోని రిపోర్టెడ్ స్పీచ్ మనల్ని ఒడ్డునే నిలబెడుతుంది. ఒడ్డున నిలబడి, మన చోటు నుంచి, మన గడియారం ప్రకారం చెప్పమంటుంది. అందుకే మూడు సంగతులు మారతాయి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ.

సోమవారం రవి మీతో “ఐ విల్ కమ్ హియర్ టుమారో” అన్నాడు. మీరు గురువారం నాడు, ఇంకోచోట ఉండి, ఆ సంగతి మీ అన్నయ్యకు చెబుతున్నారు. ఇప్పుడు రవి మీకు ‘హీ’. అతడు మాట్లాడిన సోమవారం గడిచిపోయింది కాబట్టి ‘విల్’ కాస్తా ‘వుడ్’. అతడి ‘టుమారో’ మీ రేపు కాదు, సోమవారం మర్నాడు, కాబట్టి ‘ద నెక్స్ట్ డే’. అతడి ‘హియర్’ మీకు ‘దేర్’. అంతా కలిపితే, “రవి సెడ్ దట్ హీ వుడ్ కమ్ దేర్ ద నెక్స్ట్ డే.”

పరీక్షల గైడులో ‘టుమారో ఉంటే ద నెక్స్ట్ డే రాయాలి’ అని పట్టిక ఇస్తారు. పట్టిక తప్పు కాదు కాని, అది ఎందుకో తెలియకుండా బట్టీ పడితే చిక్కే. అదే సోమవారం సాయంత్రం మీ అన్నయ్యకు చెబుతున్నారనుకోండి. రవి రేపు, మీ రేపు ఒక్కటే. అప్పుడు “హీ వుడ్ కమ్ టుమారో” అంటే తప్పేమీ లేదు. మంగళవారం పొద్దున చెబితే “హీ వుడ్ కమ్ టుడే” అనాలి. ఒడ్డు మీద మీరెక్కడ నిలబడ్డారో చూసుకోండి, మాట దానంతటదే వస్తుంది.

కాలాల సంగతి కూడా అంతే. చెప్పడం ‘సెడ్’ అని భూతకాలంలోకి వెళ్లిపోయింది కాబట్టి, చెప్పిన మాట కూడా ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. ‘ఈజ్’ వాజ్ అవుతుంది. ‘కెన్’ కుడ్ అవుతుంది, ‘మే’ మైట్ అవుతుంది, ‘హ్యాజ్ గాన్’ హ్యాడ్ గాన్ అవుతుంది. ‘వెంట్’ అప్పటికే భూతకాలం, అది కూడా మరో మెట్టు దిగి ‘హ్యాడ్ గాన్’ అవుతుంది. ‘సెడ్’ బదులు ‘సేజ్’ అని వర్తమానంలో ఉంటే మెట్టు దిగే పని లేదు. “మదర్ సేజ్ దట్ డిన్నర్ ఈజ్ రెడీ.” అన్నం చల్లారకముందే చెబుతున్నారు కదా!

ఇక్కడ సైన్సు విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. ఎప్పటికీ నిజంగా ఉండే విషయాలకు మెట్టు దిగకూడదని పాఠంలో ఉంటుంది. “ఆర్యభట సెడ్ దట్ ది ఎర్త్ రొటేట్స్ ఆన్ ఇట్స్ యాక్సిస్.” ఆయన చెప్పి పదిహేను వందల ఏళ్లు దాటినా ‘రొటేట్స్’ అనే అంటున్నాం, ఎందుకంటే భూమి ఇప్పుడూ తిరుగుతోంది. మరి రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ సంగతి? సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడని ఆయన చెప్పాడు. దీన్ని “టాలెమీ సెడ్ దట్ ది సన్ గోజ్ రౌండ్ ది ఎర్త్” అని రాస్తే, మీరూ ఆ మాట ఒప్పుకుంటున్నట్లు చదివేవాడికి తోస్తుంది. ‘వెంట్ రౌండ్’ అని రాయండి. అది ఆయన మాట మాత్రమే అవుతుంది, మీది కాదు. చూశారా, ఒక్క క్రియ మార్పుతో మీరు ఎవరి పక్షమో తెలిసిపోతోంది! తెలుగులో ఈ సౌకర్యం లేదు. ఇద్దరి విషయంలోనూ ‘తిరుగుతుందని’, ‘తిరుగుతాడని’ అంటూ ఒకే కాలంలో చెబుతాం.

నోటుపుస్తకాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఇంగ్లీషు మీడియం పిల్లలు రాసే ప్రయోగ నివేదికల్లో ఏటా నాకు కనిపించే వాక్యం ఇది: “ద టీచర్ టోల్డ్ దట్ ది పేపర్ విల్ టర్న్ రెడ్.” ఎర్ర సిరాతో నేను పక్కన రాసేది ఒకే ప్రశ్న: ‘మారిందా, లేదా?’ లిట్మస్ కాగితం ఎర్రబడుతుందని నేను చెప్పడం ఒక సంగతి. ఎర్రబడడం మీరు కళ్లతో చూడడం ఇంకొక సంగతి. “ద టీచర్ సెడ్ దట్ ది పేపర్ వుడ్ టర్న్ రెడ్. ఇట్ టర్న్‌డ్ రెడ్.” ఇలా రాస్తే విన్నదేదో, చూసినదేదో విడివిడిగా తెలుస్తుంది. మారకపోతే “ఇట్ డిడ్ నాట్” అని ధైర్యంగా రాయండి. మార్కులు పోవు.

ఇప్పుడు కర్మాగారం సంగతి.

మా బడిలో పదో తరగతి చదివి, ఐటిఐ పూర్తి చేసిన ఒక కుర్రవాడు ఒక ఫ్యాక్టరీలో సహాయకుడిగా చేరాడు. పేర్లు, ఊళ్లు అనవసరం. అక్కడ మూడు షిఫ్టులు. ప్రతి షిఫ్టు చివరా ఏం జరిగిందో ఒక పుస్తకంలో ఇంగ్లీషులో రాసి, తరువాతి షిఫ్టువాళ్లకు అప్పగించాలి. ఒక సోమవారం రాత్రి పది గంటలకు ఇతడు పనిలోకి వచ్చాడు. అప్పుడే ఇంటికి పోతున్న ఎలక్ట్రీషియను “మోటారు బాగు చేశాను, నేను రేపు పొద్దున వచ్చి ఆన్ చేస్తాను” అని ఇతనికి చెప్పి వెళ్లాడు. ఇతడు పుస్తకం తీసేసరికి రాత్రి ఒంటిగంట. తేదీ మారిపోయింది. మంగళవారం తేదీ కింద ఇలా రాశాడు: “ఎలక్ట్రీషియన్ సెడ్ దట్ ఐ విల్ స్టార్ట్ ది మోటార్ టుమారో.” ఉదయం ఆరింటికి షిఫ్టు దిగి ఇంటికి పోయి పడుకున్నాడు.

ఉదయం షిఫ్టు మేస్త్రీ ఆ వాక్యం చదివాడు. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. అందుకే మోసపోయాడు! ‘ఐ’ అంటే రాసిన కుర్రవాడు. అతడు రాత్రికిగాని రాడు. మంగళవారం తేదీ కింద ‘టుమారో’ అంటే బుధవారం. కాబట్టి ఇవాళ మోటారు తిరగదని రెండు విధాల రూఢి చేసుకున్నాడు. బెల్టు తుడవమని ఒక కూలీని పంపాడు. ఎలక్ట్రీషియను తన మాట ప్రకారం మంగళవారం పొద్దున్నే వచ్చాడు. స్విచ్చు ఉన్న గది వేరు, బెల్టు ఉన్నచోటు వేరు. స్విచ్చు వేశాడు.

కూలీ భుజాన ఉన్న తువాలును బెల్టు లాక్కుంది. తువాలు చిరిగిపోవడం అతడి అదృష్టం. భుజం కీలు తప్పింది కాని ప్రాణం దక్కింది. కొన్ని వారాలు పనిలోకి రాలేకపోయాడు. రోజు కూలీ మనిషికి అన్ని రోజులు కూలి లేకపోవడమంటే ఏమిటో మీలో కొందరికి నేను చెప్పనక్కరలేదు.

తప్పంతా ఆ వాక్యానిదేనని నేననను. బెల్టు మీద మనిషి ఉండగా స్విచ్చు వేయడానికి వీలు లేకుండా దానికి తాళం వేసి, తాళంచెవి పని చేసేవాడి జేబులో ఉంచాలి. ఇది ఎక్కడైనా పాటించాల్సిన జాగ్రత్త. పుస్తకంలోని మాటను నమ్మి మనిషిని యంత్రంలోకి పంపకూడదు. కాని ఆ కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, “మాస్టారూ, అతను నేను అన్నాడు, నేను ఐ అని రాశాను. అందులో తప్పేముంది?” అని అడిగినప్పుడు మాత్రం నాకు నోట మాట రాలేదు. పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో అతడికి ఈ ప్రశ్నకు పూర్తి మార్కులే వచ్చి ఉంటాయి. పట్టిక నోటికి వచ్చు. పట్టికకూ, ఆ పుస్తకానికీ సంబంధం ఉందని మేమెవరమూ చెప్పలేదు.

అక్కడ ఏం రాయాల్సింది? “ది ఎలక్ట్రీషియన్ సెడ్ దట్ హీ వుడ్ స్టార్ట్ ది మోటార్ ఆన్ ట్యూస్‌డే మార్నింగ్.” పనిచేసే చోట ‘ద నెక్స్ట్ డే’ కన్నా వారం పేరు, తేదీ, గంట వేయడం మేలు. ‘హీ’ ఇద్దరిలో ఎవరో తెలియకపోతే పేరే రాయండి.

ఇప్పుడు ప్రశ్నలకు వద్దాం. తెలుగులో “మీ ఇల్లెక్కడ అని అడిగాడు” అంటాం, ప్రశ్న ప్రశ్నలాగే ఉండిపోతుంది. అందువల్లే మన పిల్లలు “హీ ఆస్క్‌డ్ మీ వేర్ డు ఐ లివ్” అని రాస్తారు. ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నను ఒడ్డు నుంచి చెప్పేటప్పుడు అది ఇక ప్రశ్న కాదు, ఒక సమాచారం. కాబట్టి ‘డు’ పోతుంది, మాటల వరస మామూలు వాక్యంలాగే ఉంటుంది, ప్రశ్నార్థకం గుర్తు కూడా రాదు. “హీ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ లివ్‌డ్.” అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నైతే మధ్యలో ‘ఇఫ్’ గాని ‘వెదర్’ గాని పెట్టాలి. “షి ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ వాజ్ హంగ్రీ.” ‘ఆకలిగా ఉందా అని’ అనే మాటలోని ‘ఆ’ చేసే పనే ఇక్కడ ‘ఇఫ్’ చేస్తోంది.

ఆజ్ఞలు సులువు. ‘టు’ పెడితే చాలు. “ది లైన్‌మన్ వార్న్‌డ్ అస్ నాట్ టు టచ్ ది వైర్.” ముట్టుకోవద్దని హెచ్చరించాడు. అన్నట్లు, ‘సే’, ‘టెల్’ రెండింటికీ మనకు ‘చెప్పు’ అనే ఒకే మాట ఉండడంతో “హీ టోల్డ్ దట్”, “హీ సెడ్ మీ” అని రాసేస్తుంటాం. ‘టోల్డ్’ పక్కనే ఎవరికి చెప్పాడో ఆ మనిషి ఉండి తీరాలి. “హీ టోల్డ్ మీ దట్.” ‘సెడ్’కు మనిషి అక్కరలేదు. ఉండాలంటే మధ్యలో ‘టు’ రావాలి.

నేను ఎక్కువసేపు నిలబడాలనుకున్న చోటు ఇది. ఎప్పుడూ ‘సెడ్’ అనే రాయనక్కరలేదు. వార్తాపత్రిక చూడండి. ఒక అధికారి లంచం తీసుకున్నాడని ఎవరో అన్నారు. దానికి పత్రిక ‘అలెజ్‌డ్’ అని రాస్తుంది, అంటే ఆరోపించారు, ఇంకా రుజువు కాలేదు. ఆ అధికారి ‘డినైడ్’ అంటే కాదన్నాడు. ‘అడ్మిటెడ్’ అంటే ఒప్పుకున్నాడు. ‘క్లెయిమ్‌డ్’ అంటే అలా అని చెప్పుకున్నాడు, నమ్మడం మీ ఇష్టం. ‘కంప్లెయిన్‌డ్’ ఫిర్యాదు చేశాడు, ‘ప్రామిస్‌డ్’ మాట ఇచ్చాడు, ‘రెఫ్యూజ్‌డ్’ నిరాకరించాడు, ‘సజెస్టెడ్’ సూచించాడు. “హీ సెడ్ దట్ హీ హ్యాడ్ నాట్ టేకెన్ ది మనీ” అన్నా, “హీ డినైడ్ టేకింగ్ ది మనీ” అన్నా సమాచారం ఒకటే. కాని మొదటి దాని బదులు “హీ అడ్మిటెడ్” అని పొరపాటున పడితే ఒక మనిషి పరువు పోతుంది.

పనికి, జీతానికి సంబంధించిన మాటల్లో కూడా ఇలాంటి జాగ్రత్త అవసరం. ‘ఉద్యోగంలో లేడు’ అని మనం తేలిగ్గా అనేస్తాం. ఇంగ్లీషులో తనంతట తాను మానేస్తే ‘రిజైన్‌డ్’. వయసు నిండి దిగిపోతే ‘రిటైర్‌డ్’. తప్పు చేశాడని తీసేస్తే ‘డిస్మిస్‌డ్’. విచారణ తేలేదాకా పక్కన పెడితే ‘సస్పెండెడ్’, అతడి ఉద్యోగం ఇంకా పోలేదు. యజమాని దగ్గర పని తగ్గి, తప్పేమీ లేకుండానే తీసేస్తే ‘రిట్రెంచ్‌డ్’. ఈ అయిదింటినీ కలగలిపి “హి లాస్ట్ హిజ్ జాబ్” అని చెప్పేస్తే విన్నవాడు అన్నింటికన్నా చెడ్డదే ఊహించుకుంటాడు. లోకం తీరు అది.

రోజుకో వారానికో ఇచ్చే కూలి ‘వేజెస్’. నెలకు ఇచ్చే జీతం ‘శాలరీ’. వైద్యుడికి, వకీలుకు ఇచ్చేది ‘ఫీ’. ఇక స్పెల్లింగులో చివరి అక్షరం ఒక్కటే మారి అర్థం తలకిందులయ్యే జంటలున్నాయి. పని ఇచ్చేవాడు ‘ఎంప్లాయర్’, చేసేవాడు ‘ఎంప్లాయీ’. నేర్పేవాడు ‘ట్రైనర్’, నేర్చుకునేవాడు ‘ట్రైనీ’. డబ్బు ఇచ్చేవాడు ‘పేయర్’, పుచ్చుకునేవాడు ‘పేయీ’. బ్యాంకు చెక్కు మీద అడ్డంగా గీతలు గీసి ‘అకౌంట్ పేయీ’ అని రాయడం చూశారా? ఆ సొమ్ము పుచ్చుకునేవాడి ఖాతాలోనే పడాలని దాని భావం.

ఇతరుల మాటను మోసుకురావడంలో ఎంత ప్రమాదం ఉందో న్యాయస్థానాలకు బాగా తెలుసు. 1872 నాటి భారత సాక్ష్య చట్టం, నోటితో చెప్పే సాక్ష్యం నేరుగా ఉండాలని విధించింది. చూసిన సంగతి చూసినవాడే, విన్న సంగతి విన్నవాడే వచ్చి చెప్పాలి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చినా ఈ నియమం అలాగే ఉంది. ‘ఫలానావాడు చూశానని నాతో చెప్పాడు’ అంటే మామూలుగా చెల్లదు. చెల్లే కొద్ది సందర్భాలలో మరణ వాంగ్మూలం ఒకటి. దాన్ని రాసుకునేటప్పుడు వీలైనంత వరకు చనిపోయే మనిషి సొంత మాటల్లోనే, ప్రశ్న ప్రశ్నగా, జవాబు జవాబుగా రాసుకోవడం మంచి పద్ధతిగా ఎంచుతారు. అక్కడ ‘హీ’లూ ‘వుడ్’లూ పనికిరావు. ఆ ‘నేను’ నేనుగానే ఉండాలి.

ఇక మీ పని. ఇవాళ సాయంత్రం నుంచి రేపు సాయంత్రం దాకా మీ చెవిన పడిన అయిదు మాటలు తెలుగులో ఉన్నవున్నట్లు రాసుకోండి. బస్సులో కండక్టరు అన్నది, కొట్లో శెట్టిగారు అన్నది, ఇంట్లో నాయనమ్మ అన్నది, ఏదైనా సరే. పక్కన ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ అన్నారో వేయండి. మూడు రోజులు ఆగి, వాటిని ఇంగ్లీషు రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చండి. మీ స్నేహితుడికి మీ ఇంగ్లీషు వాక్యాలు మాత్రమే చూపించి, ఎవరు ఏ రోజు ఏం చేస్తామన్నారో చెప్పమనండి. అతడు తప్పు చెబితే అతణ్ణి ఏమీ అనకండి, మీ వాక్యం మళ్లీ చూసుకోండి.

ఈ మూడు వాక్యాలు నేను ఇస్తున్నాను, మార్చి మీ ఇంగ్లీషు మాస్టారికి చూపించండి. ఒకటి: “ఐ పెయిడ్ ది వేజెస్ యెస్టర్‌డే,” సెడ్ ది ఎంప్లాయర్. రెండు: “హ్యావ్ యు స్విచ్‌డ్ ఆఫ్ ది మెయిన్?” ది ఫిట్టర్ ఆస్క్‌డ్ ది ట్రైనీ. మూడు: “లైట్ ట్రావెల్స్ ఫాస్టర్ దాన్ సౌండ్,” సెడ్ ది టీచర్. మూడో దానిలో ‘ట్రావెల్‌డ్’ అని రాసినవాళ్లు మాత్రం ముందు నా దగ్గరికి రావాలి.